మిడ్‌వే దీవిలో పక్షుల లెక్కకు వెళ్లే ముందు జాగ్రత్తలు
1942 జూన్‌లో అమెరికా, జపాన్ నౌకాదళాలు తలపడిన, పసిఫిక్ మహాసముద్రంలోని మిడ్‌వేలో నేడు లక్షలాది ఆల్బట్రాస్‌లు (పెద్ద సముద్రపు పక్షులు) గూళ్లు పెడుతున్నాయి కనుక, బయలుదేరే ముందే దుస్తుల మడతల్లో, బూట్ల అడుగున, సంచుల కుట్లలో వాటికి హాని చేసే బయటి విత్తనాలు గానీ చీమలు గానీ లేవని నిర్ధారించుకోవాలి.

అన్నిటికంటే ముఖ్యమైనది నడక. బోనిన్ పెట్రెల్‌లు అనే చిన్న సముద్రపు పక్షులు ఇసుకలో బొరియలు తవ్వుకుంటాయి కాబట్టి, పైకి చదునుగా కనిపించే చోటే కాలు హఠాత్తుగా దిగబడి, లోపలి పక్షి కూరుకుపోయే ప్రమాదం ఉంది. అలా జరిగితే ముందుకు సాగకుండా, చేతులతోనే ఇసుక తోడి బొరియ దారి తెరవాలి. పార వాడకూడదు.

ఒడ్డున నిద్రించే మాంక్ సీల్ అనే సముద్రపు క్షీరదానికి తగినంత దూరం పాటించాలి. యుద్ధకాలపు కట్టడాల్లోకి వెళ్లకూడదు. తుప్పుపట్టిన లోహపు వస్తువు ఎంత చిన్నదైనా ముట్టకుండా సిబ్బందికి తెలియజేయాలి.

పెన్ను మూత కూడా జారవిడవకూడదు. సముద్రంపై తేలే ప్లాస్టిక్‌ను ఆహారంతోపాటు మింగిన ఆల్బట్రాస్‌లు దాన్నే పిల్లల నోట్లో పెడతాయి.