రొయ్యల గుంట రీడింగులు చెత్తగా వస్తుంటే: నా అనుభవం

అల్లూరు దగ్గర మా బావ రొయ్యల గుంట. గట్టు మీది ఆక్సిజన్ సెన్సార్ బోర్డులో మెమరీ తక్కువ, అందుకే రీడింగుల్ని ఎక్స్‌టీఈఏ అనే చిన్న ఎన్‌క్రిప్షన్ పద్ధతితో, అంటే ఎవరూ చదవకుండా రహస్యంగా మార్చి, ఇంట్లో కంప్యూటర్‌కి పంపుతున్నాం. కేంబ్రిడ్జిలో వీలర్, నీధమ్ 1994లో దీని ముందు రూపం టీఈఏ రాశారు. అందులో ఒక్కో కీకి (తాళంచెవి లాంటి రహస్య సంఖ్యకి) సమానమైనవి ఇంకో మూడు ఉన్నాయని తేలాక 1997లో ఎక్స్‌టీఈఏ తెచ్చారు. 64 బిట్ల బ్లాకు (ఒకేసారి మార్చే డేటా ముక్క), 128 బిట్ల కీ, చిన్న కోడు.

ఇంట్లో కంప్యూటర్లో విప్పితే ఆక్సిజన్ రీడింగు 4.8 బదులు పిచ్చి అంకెలు. "ఏరేటర్ వెయ్యాలా వద్దా చెప్పబ్బయా" అని బావ గోల. కీ రెండువైపులా ఒకటే. ముందే తెలిసిన బ్లాకు పంపి చూస్తే దొరికింది: బోర్డు లిటిల్ ఎండియన్ (అంకెలో చిన్న విలువ బైటు ముందు), కంప్యూటర్లోని లైబ్రరీ బిగ్ ఎండియన్ (పెద్ద విలువ బైటు ముందు). నాలుగేసి బైట్లను తిరగేసి పంపగానే సరైంది. ఒకే రీడింగుకి ప్రతిసారీ ఒకే రహస్య రూపం రాకుండా ప్రతి బ్లాకులో కౌంటర్ (ప్రతిసారీ ఒకటి పెరిగే అంకె) కూడా కలిపా. మీ చిప్‌లో ఏఈఎస్ (ఇప్పుడు ఎక్కువగా వాడే ప్రామాణిక ఎన్‌క్రిప్షన్) ఉంటే మాత్రం అదే వాడండి.