పాత కంప్యూటర్‌లో ఉన్న సాఫ్ట్‌వేర్‌లు కొత్తదానికి మార్చాలంటే ముందు లైసెన్సులు చూసుకోండి

విండోస్ 10 కి 2025 అక్టోబర్ 14తో సపోర్ట్ ఆగిపోయింది కదా, పాత ప్రాసెసర్‌ల మీద విండోస్ 11 ఎక్కదు, అందుకని బెంగళూరులో నాకు తెలిసిన మనవాళ్ళు ఒక్కొక్కరే కంప్యూటర్ షాపులుండే ఎస్పీ రోడ్డుకెళ్ళి కొత్త సిస్టమ్ తెచ్చుకుంటున్నారు, తెచ్చుకున్నాక అందరూ అడిగేది ఒకటే, పాతదాంట్లో ఉన్న సాఫ్ట్‌వేర్‌లన్నీ ఇందులోకి ఎలా వేసుకోవాలి అని.

ముందు ఒక విషయం తెలుసుకోండి, ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డర్ మొత్తం పెన్‌డ్రైవ్‌లో కాపీ చేసి కొత్తదాంట్లో పేస్ట్ చేస్తే పని జరగదు. సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేసినప్పుడు ఆ ఫోల్డర్‌లో కొంత ఉంటుంది, రిజిస్ట్రీలో, అంటే విండోస్ తన సెట్టింగ్స్ రాసుకునే పుస్తకం లాంటిదాంట్లో, కొంత రాసుకుంటుంది, ప్రోగ్రామ్‌డేటా, యాప్‌డేటా అనే దాగి ఉండే ఫోల్డర్లలో ఇంకొంత పెడుతుంది, అవన్నీ లేకుండా ఫోల్డర్ ఒక్కటే వస్తే ఓపెన్ అవ్వదు, లేదా ఓపెన్ అయి లైసెన్స్ అడుగుతుంది. ఇక డెస్క్‌టాప్ మీద ఐకాన్ అయితే ఉత్త షార్ట్‌కట్టే, అంటే అసలు సాఫ్ట్‌వేర్ ఎక్కడుందో చూపించే గుర్తు మాత్రమే. మా పిన్ని ఫోన్ చేసి "ఏరా, ట్యాలీ ఐకాన్ కాపీ చేసుకొచ్చానే, ఎందుకు రావట్లేదు" అంది, పిన్ని లాగే అనుకునేవాళ్ళు చాలామందే ఉంటారు, అందుకే ఇంత వివరంగా చెప్తున్నా.

కాబట్టి సాఫ్ట్‌వేర్‌ని కొత్తగానే ఇన్‌స్టాల్ చేయాలి, పాతదాంట్లోంచి తెచ్చుకోవాల్సింది లైసెన్స్, డేటా, సెట్టింగ్స్. ఇందులో లైసెన్స్ పని పాత సిస్టమ్ బతికి ఉండగానే, నెట్ కనెక్ట్ అయి ఉండగానే చేసేయాలి. హైదరాబాద్ నుంచి ఇక్కడికి మారినప్పుడు పాత గ్యాస్ ఏజెన్సీలో సిలిండర్ అప్పజెప్పి కాగితం తెచ్చుకుంటాం చూడండి, అచ్చం అదే పద్ధతి.

ట్యాలీనే తీసుకోండి, బెంగళూరు కంపెనీదే, చిక్‌పేట్ షాపుల్లో అకౌంట్స్ రాసే మనవాళ్ళందరికీ అన్నం పెట్టేది అదే. సింగిల్ యూజర్ లైసెన్స్ అయితే ఒక్క మెషిన్ మీదే యాక్టివ్‌గా ఉంటుంది. పాతదాంట్లో ట్యాలీప్రైమ్ ఓపెన్ చేసి హెల్ప్‌లోకి వెళ్ళి లైసెన్స్ సెట్టింగ్స్‌లో సరెండర్ కొట్టండి, అంటే ఈ మెషిన్ మీద లైసెన్స్ వదిలేస్తున్నట్టు. దానికి ట్యాలీ నెట్ ఐడీ, అంటే ట్యాలీ వాళ్ళ లాగిన్, దాని పాస్‌వర్డ్ కావాలి, అవి చాలాసార్లు లైసెన్స్ కొనిపెట్టిన ట్యాలీ డీలర్ దగ్గరో, మానేసి వెళ్ళిపోయిన అకౌంటెంట్ మెయిల్‌లోనో ఉండిపోతాయి, అందుకని ముందురోజే వెతికి పెట్టుకోండి. సరెండర్ అయ్యాక కొత్తదాంట్లో అదే ఐడీతో రీయాక్టివేట్ చేయాలి. డేటా ఎక్కడుందో తెలియకపోతే కంపెనీ సెలెక్ట్ చేసే స్క్రీన్‌లోనే పాత్ చూపిస్తుంది, ఆ ఫోల్డర్‌లో అంకెల పేర్లతో ఉండే ఒక్కో ఫోల్డర్ ఒక్కో కంపెనీ. ట్యాలీ మూసేసి ఆ ఫోల్డర్లు కాపీ చేయండి, విడిగా బ్యాకప్ కూడా ఒకటి తీయండి, రెండూ చేయమనే నేను చెప్తా, ఏడాది లెక్కలు పోతే మళ్ళీ కూర్చుని ఎవరు రాస్తారు.

జీఎస్టీ, ఇన్‌కమ్ ట్యాక్స్ వేసేవాళ్ళు డిజిటల్ సిగ్నేచర్ గురించి కంగారు పడక్కర్లేదు, సర్టిఫికెట్ ఆ యూఎస్‌బీ టోకెన్‌లోనే ఉంటుంది, కొత్తదాంట్లో డ్రైవర్, సైనింగ్ యుటిలిటీ వేస్తే చాలు.

ఆఫీస్ విషయానికొస్తే సబ్‌స్క్రిప్షన్ అయితే కొత్తదాంట్లో అదే మెయిల్‌తో సైన్ ఇన్ అయితే అయిపోతుంది. కానీ పాత ల్యాప్‌టాప్ కొన్నప్పుడు దాంతోపాటే వచ్చిన ఆఫీస్ అయితే ఆ ల్యాప్‌టాప్ వరకే, ఇంకోదానికి మార్చడానికి కుదరదు. ఫోటోషాప్ లాంటి అడోబీ వాళ్ళవైతే పాతదాంట్లో సైన్ అవుట్ అవ్వండి. షాపులో "అన్నీ మేమే వేసిస్తాం సార్" అని క్రాక్ వెర్షన్‌లు, అంటే లైసెన్స్ లేని దొంగ కాపీలు, ఎక్కిస్తామంటే మాత్రం దయచేసి వద్దనండి, బ్యాంక్ లాగిన్లు, కస్టమర్ల లెక్కలు ఉండే మెషిన్ అది.

లైసెన్స్ గొడవ లేని ఫ్రీ సాఫ్ట్‌వేర్‌లకి, అంటే క్రోమ్, వీఎల్‌సీ, సెవెన్‌జిప్ లాంటివాటికి, ఒక్కొక్క సైట్‌కి వెళ్ళి డౌన్‌లోడ్ చేసే పని లేదు. పాతదాంట్లో కమాండ్ ప్రాంప్ట్ (స్టార్ట్‌లో cmd అని వెతికితే వచ్చే నల్ల స్క్రీన్) ఓపెన్ చేసి ఇంగ్లీష్ అక్షరాల్లో వింగెట్ (winget, సాఫ్ట్‌వేర్‌లు దించి వేసే మైక్రోసాఫ్ట్ టూల్), స్పేస్, ఎక్స్‌పోర్ట్ (export), స్పేస్, హైఫన్ ఓ (-o), స్పేస్, తర్వాత ఏదో ఒక ఫైల్ పేరు చివర డాట్ జేసన్ (.json) అని పెట్టి ఎంటర్ కొడితే లిస్ట్ ఒక ఫైల్‌లోకి వచ్చేస్తుంది. ఆ ఫైల్‌ని కొత్తదాంట్లోకి తెచ్చి ఈసారి ఎక్స్‌పోర్ట్ బదులు ఇంపోర్ట్ (import), హైఫన్ ఓ బదులు హైఫన్ ఐ (-i) కొట్టండి, అన్నీ అదే దించుకుని ఇన్‌స్టాల్ చేసుకుంటూ పోతుంది. లిస్ట్‌లోకి రాని వాటి పేర్లు ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడే స్క్రీన్ మీద చెప్తుంది, అవి రాసిపెట్టుకుని చేత్తో వేసుకోవాలి.

సెట్టింగ్స్ చాలావరకు దాక్కునేది యాప్‌డేటాలో. విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కి, పర్సెంట్ గుర్తు, యాప్‌డేటా, మళ్ళీ పర్సెంట్ గుర్తు (%appdata%) కొట్టి ఎంటర్ నొక్కితే రోమింగ్ ఫోల్డర్ తెరుచుకుంటుంది. అందులో మైక్రోసాఫ్ట్ ఫోల్డర్‌లో సిగ్నేచర్స్ అని ఒకటి ఉంటుంది, పాత (క్లాసిక్) అవుట్‌లుక్ వాడేవాళ్ళ మెయిల్ కింద వచ్చే పేరు, ఫోన్ నంబర్, లోగో అన్నీ అక్కడే. అయితే యాప్‌డేటా మొత్తం ఎత్తి కొత్తదాని మీద పడేయొద్దు, కావాల్సిన ఫోల్డర్ ఒక్కటే, అదీ సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ అయ్యాక, దాన్ని మూసేసి పెట్టి కాపీ చేయండి.

డీటీపీ, అంటే కార్డులు, పోస్టర్లు కంప్యూటర్‌లో తయారుచేసే పని, చేసేవాళ్ళకి ఒక మాట, అను అనే తెలుగు ఫాంట్స్‌లో కొట్టిన ఫైల్స్ ఏ సిస్టమ్‌లోనైనా తెలుగు చూపించే యూనికోడ్ పద్ధతిలో ఉండవు, ఆ ఫాంట్ కొత్తదాంట్లో లేకపోతే పెళ్ళి కార్డు మొత్తం పిచ్చి గీతల్లా కనిపిస్తుంది. విండోస్‌లోని ఫాంట్స్ ఫోల్డర్‌లోంచి వాటిని కాపీ చేసుకొచ్చి ఇన్‌స్టాల్ చేస్తే అక్షరాలు కనిపిస్తాయి, టైప్ చేయాలంటే మాత్రం కీబోర్డ్ సాఫ్ట్‌వేర్ మళ్ళీ వేసుకోవాల్సిందే.

అన్నీ అయ్యాక పాతది వెంటనే అమ్మేయకండి, కనీసం ఒక నెలాఖరు పని కొత్తదాంట్లో పూర్తిగా చేసి చూడండి, మర్చిపోయినవి అప్పుడే బయటపడతాయి. దాని డిస్క్ విప్పి కొత్తదానికి తగిలించి చూసుకుందాం అనుకుంటే బిట్‌లాకర్ (డిస్క్‌కి విండోస్ వేసే తాళం) ఆన్ అయి ఉన్నవాటికి 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది, అది మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉందేమో ముందే చూసి రాసిపెట్టుకోండి. ఇక అక్కర్లేదు అనుకున్నాక సెట్టింగ్స్‌లో రీసెట్‌కి వెళ్ళి అన్నీ తీసేయమని పెట్టి, క్లీన్ డేటా ఆన్ చేసి నడిపించండి, దానికి కొన్ని గంటలు పట్టొచ్చు, ఛార్జర్ పెట్టి వదిలేయండి, అది అయ్యాకే ఎస్పీ రోడ్డుకి తీసుకెళ్ళండి.