పల్లేరు నేలలో మౌంటెన్ బైకు కొనేవారికి

కడప చుట్టుపక్కల గుట్టల మీద సైకిలు తొక్కాలనుకొనేవారు దుకాణానికి వెళ్ళగానే ముందు ఫ్రేము గురించి, తరువాత గేర్ల గురించి అడుగుతారు. టైర్ల సంగతి మొదటి పంచరు పడిన రోజున గాని గుర్తుకు రాదు. ఈ వరుసను తలకిందులు చేసుకోవాలని నా అభిప్రాయం. పాలకొండల వాలుల్లోనైనా, గండికోట వద్ద పెన్న లోయ అంచున పరచుకొన్న ఎర్ర బండల మీదనైనా, జమ్మలమడుగు చేల నడుమ బండి బాటల్లోనైనా సైకిలును ముందుగా పరీక్షించేది నేల, ఆ నేలను తాకేది టైరు ఒక్కటే. కాబట్టి టైరుతో మొదలుపెట్టి, కుదుపులను మింగే సస్పెన్షన్ మీదుగా ఫ్రేము దాకా ఎంపిక ఎలా చేసుకోవాలో, కొన్న తరువాత ఎలా సరిచేసుకోవాలో వివరిస్తాను.

ఈ సైకిలు పుట్టుక కూడా ఆ వరుసలోనే జరిగింది. 1970లలో కాలిఫోర్నియాలోని మారిన్ కౌంటీ యువకులు పాత బరువు సైకిళ్ళను కొండ దారుల్లో దించినప్పుడు, వారికి ఉన్న సస్పెన్షన్ అంతా రెండు అంగుళాలు దాటిన టైర్లలోని గాలే. రాక్‌షాక్స్ సంస్థ ఆర్‌ఎస్-1 అనే ఫోర్కు, అంటే ముందు చక్రాన్ని పట్టి ఉంచుతూ కుదుపుకు కుంగే జత కాళ్ళు, 1989లో వచ్చింది. అది కుంగే దూరం 50 మిల్లీమీటర్లకు లోపే. ఇప్పుడు తేలికైన పందెపు సైకిళ్ళకు కూడా 100 నుంచి 120 మిల్లీమీటర్లు ఇస్తున్నారు.

టైరు విషయంలో మన ప్రాంతానికి ఉన్న ప్రత్యేకత ముళ్ళు. పల్లేరు కాయ ఎటు దొర్లినా ఒక ముల్లు పైకే నిలిచి ఉంటుంది; వానలు వెనుకబట్టి కాయలు ఎండిన తరువాత బీడు నేలలో వంద గజాలు తొక్కి టైరును తిప్పి చూస్తే లెక్క పెట్టలేనన్ని గుచ్చుకొని ఉంటాయి. దీనికి తోడు కంపచెట్టు ముల్లు ఉన్నది, అది పొడవైనది, గట్టిది. పాత ట్యూబును నిలువుగా కోసి కొత్త ట్యూబుకూ టైరుకూ మధ్య పరచడం మన పల్లెల్లో ఎప్పటి నుంచో ఉన్న ఉపాయమే. అది పనిచేస్తుంది కాని చక్రం బరువెక్కుతుంది, ట్యూబుకు రిమ్ము తగిలి రెండు చీలికలు పడే పంచరును అది ఆపలేదు. ట్యూబ్‌లెస్ పద్ధతి మన నేల కోసమే కనిపెట్టారా అనిపించేది ఇందుకే. టైరు లోపల పోసిన ద్రవం, అంటే సీలెంటు, ముల్లు దిగిన చోటికి గాలితో పాటు తోసుకు వచ్చి అక్కడే గడ్డకట్టి రంధ్రాన్ని మూసివేస్తుంది. పల్లేరు ముల్లు చేసే రంధ్రం దానికి ఒక లెక్క కాదు.

ట్యూబ్‌లెస్ చేసుకోవాలంటే రిమ్మూ టైరూ రెండూ అందుకు తగినవై ఉండాలి. దుకాణంలో అడగవలసిన మొదటి ప్రశ్న ఇదే. రిమ్ము లోపలి గాడిని ప్రత్యేకమైన టేపుతో ముడతలు లేకుండా చుట్టి, వాల్వు బిగించి, 29 అంగుళాల చక్రానికి 2.4 అంగుళాల టైరు అయితే 100 నుంచి 120 మిల్లీలీటర్ల సీలెంటు పోయాలి. టైరు అంచు రిమ్ములో కూర్చోవాలంటే ఒక్కసారిగా గాలి దూసుకుపోవాలి, చేతి పంపుతో అది చాలాసార్లు సాధ్యపడదు. పంచరు అంగట్లోని కంప్రెసరు అందుకు చక్కగా పనికివస్తుంది, కాని దాని మూతి మోటారు సైకిలు వాల్వుకు సరిపోయేది; సన్నని ప్రెస్టా వాల్వుకు తగిలించే చిన్న ఇత్తడి అడాప్టరును మీరే వెంట తీసుకొనిపోవాలి. గాలి ఎంత పట్టాలో కూడా మీరే చెప్పాలి, ఎందుకంటే బొటనవేలితో నొక్కితే రాయిలా ఉండాలన్నది అక్కడి కొలత. టప్ టప్ మని అంచు కూర్చున్న చప్పుడు వినగానే ఆపించండి.

వేసవిలో సీలెంటు త్వరగా ఎండిపోతుంది. పెట్టె మీద ఎన్ని నెలలని రాసి ఉన్నా, మార్చి నుంచి జూన్ దాకా నెలన్నరకు ఒకసారి చక్రాన్ని చెవి దగ్గర పెట్టుకొని ఊపి చూడాలి. ద్రవం కదిలే చప్పుడు వినిపించకపోతే వాల్వు లోపలి పిన్ను తీసి మరో 60 మిల్లీలీటర్లు పోయాలి.

గాలి ఒత్తిడి డబ్బు ఖర్చు లేని మెరుగుదల. 70 కిలోల మనిషి 2.4 అంగుళాల ట్యూబ్‌లెస్ టైరుకు ముందు 22, వెనుక 25 పీఎస్ఐతో మొదలుపెట్టి, రిమ్ము బండకు తగిలితే ఒక్కొక్క పీఎస్ఐ పెంచుకొంటూ పోవచ్చు. ట్యూబు ఉంటే మరో నాలుగైదు కలపాలి. తెల్లవారుజామున 25 డిగ్రీల చల్లదనంలో 30 పీఎస్ఐ కొట్టిన టైరు, ఎండకు లోపలి గాలి 45 డిగ్రీలకు చేరితే దాదాపు 33 చూపుతుంది. ఇది వాయువుల సహజ ధర్మం, టైరు లోపం కాదు. ఎండవేళ తొక్కేవారు ఆ మేరకు తగ్గించి బయలుదేరాలి.

ఇటీవల టైర్లూ రిమ్ములూ వెడల్పెక్కాయి. 2.1 అంగుళాలు మామూలుగా ఉండిన చోట ఇప్పుడు 2.4 నుంచి 2.6 దాకా వచ్చాయి, రిమ్ము లోపలి వెడల్పు 30 మిల్లీమీటర్ల దగ్గర కుదురుకొన్నది. కొన్నాళ్ళు 2.8, 3.0 అంగుళాల ప్లస్ టైర్లు వచ్చి, బండల మీద బంతిలా ఎగురుతున్నాయన్న ఫిర్యాదుతో వెనక్కి తగ్గాయి. మనకు వెడల్పు కంటే పక్కగోడ బలం ముఖ్యం. ఎర్ర గరుసు నేలలో తేలి ఉండే పలుగురాళ్ళు టైరు పక్కగోడను కత్తిలా కోస్తాయి, ఆ కోతను ఏ సీలెంటూ పూడ్చలేదు. అందుకని వెనుక టైరుకు బలమైన పక్కగోడ ఉన్న రకాన్ని, ముందు టైరుకు మెత్తని రబ్బరుతో ఎడంగా ఉన్న గుబ్బల రకాన్ని తీసుకోవాలి. వంద గ్రాముల బరువు ఎక్కువైనా ఫరవాలేదు. ఇక నల్లరేగడి తడిసిన రోజున ఏ గుబ్బలూ పనిచేయవు. చక్రానికీ ఫోర్కుకూ మధ్య మట్టి దిమ్మ కట్టి సైకిలును భుజాన మోయవలసి వస్తుంది కాబట్టి ఆ రోజు ఇంట్లో ఉండి గొలుసుకు నూనె వేసుకోవడం మేలు.

సస్పెన్షన్‌లో నేను చేసిన తప్పు ముందుగా చెప్పడం న్యాయం. మొదట కొన్న సైకిలుకు వెనుక కూడా ఎర్రటి స్ప్రింగు ఉన్నదని మురిసిపోయాను. దానిలో స్ప్రింగు తప్ప ఆ స్ప్రింగు తిరిగి లేచే వేగాన్ని అదుపులో పెట్టే నూనె గది ఏదీ లేదని, ఎత్తు ఎక్కేటప్పుడు నా బలంలో కొంత ఆ ఊగిసలాటకే పోతున్నదని అర్థం కావడానికి ఒక వేసవి పట్టింది. తక్కువ ధరలో రెండు వైపులా స్ప్రింగులున్న సైకిలు కంటే, అదే ధరలో వెనుక గట్టి ఫ్రేముతో, ముందు మంచి ఫోర్కుతో వచ్చే హార్డ్‌టెయిల్ ఎప్పుడూ మేలైనది. ఫోర్కులో గాలి స్ప్రింగు, నూనెతో నడిచే రీబౌండ్ (కుంగిన ఫోర్కు తిరిగి లేవడం) అదుపు రెండూ ఉన్నాయో లేవో చూసుకోవాలి. ఉక్కు స్ప్రింగు ఫోర్కు చిన్న కుదుపులకు చక్కగా స్పందిస్తుంది కాని బరువైనది, మీ బరువుకు తగినట్లు మార్చాలంటే స్ప్రింగునే మార్చాలి. గాలిదైతే చిన్న షాకు పంపు చాలు.

సరిచేసుకొనే పద్ధతి కష్టమేమీ కాదు. మామూలుగా తొక్కేటప్పుడు ఉండే బట్టలు, నీళ్ళ సంచి, హెల్మెట్‌తో సైకిలెక్కి గోడ పట్టుకొని నిలబడండి. ఫోర్కు కడ్డీ మీది రబ్బరు ఉంగరాన్ని కిందికి నెట్టి, కుదుపు లేకుండా దిగి చూస్తే మీ బరువుకే ఫోర్కు ఎంత కుంగిందో తెలుస్తుంది. దీన్నే సాగ్ అంటారు. 120 మిల్లీమీటర్ల ఫోర్కుకు 20 శాతం అంటే 24 మిల్లీమీటర్లు కుంగాలి. ఎక్కువ కుంగితే గాలి పెంచాలి, తక్కువైతే వదలాలి. వెనుక షాకు, అంటే వెనుక చక్రపు సస్పెన్షన్, ఉంటే దాన్ని 25 నుంచి 30 శాతం కుంగనివ్వాలి. తరువాత రీబౌండ్ మీటను పూర్తిగా మూసి, ఒక్కొక్క క్లిక్కు తెరుస్తూ ఒకే మెట్టు మీది నుంచి పదేపదే దిగి చూడండి. దిగిన తరువాత ముందు చక్రం ఎగిరిపడితే రీబౌండ్ వేగం ఎక్కువ. వరుస గుంతల్లో ఫోర్కు లేవలేక కిందికే కుంగిపోతూ ఉంటే వేగం తక్కువ. టైరులో లాగానే ఫోర్కులోనూ ఎండ పనిచేస్తుంది: 25 డిగ్రీల వద్ద పెట్టిన 80 పీఎస్ఐ, 45 డిగ్రీలకు 86 దాకా పోతుంది. మధ్యాహ్నం ఫోర్కు బిగుసుకొన్నట్లు అనిపించడానికి కారణాల్లో అదొకటి.

మన దుమ్ము ఫోర్కుకు శత్రువు. తొక్కి వచ్చిన ప్రతిసారీ కడ్డీలను మెత్తని గుడ్డతో తుడవాలి, నీళ్ళ పైపును సీళ్ళ మీద గురిపెట్టకూడదు. సుమారు 50 గంటల స్వారీకి ఒకసారి ఫోర్కు కింది కాళ్ళను విప్పి నూనె మార్చాలి. వారానికి నాలుగు గంటలు తొక్కేవారికి అది మూడు నెలలకే వస్తుంది. గతుకులను తమంతట తామే పసిగట్టి బిగుసుకొనే ఎలక్ట్రానిక్ సస్పెన్షన్ కూడా ఇప్పుడు దొరుకుతున్నది, అయితే చెడిపోతే చూసే మనిషి దగ్గరలో లేని చోట దాని మీద మోజు పడకూడదు.

ఫ్రేముల తరగతులను కుంగే దూరాన్ని బట్టి విభజిస్తారు: క్రాస్ కంట్రీ 100 నుంచి 120, ట్రెయిల్ 120 నుంచి 150, ఎండ్యూరో 150 నుంచి 180, డౌన్‌హిల్ 200 మిల్లీమీటర్లు. డౌన్‌హిల్ సైకిలును కొండపైకి లిఫ్టులోనో జీపులోనో ఎక్కించి కిందికి దించడానికే తయారుచేస్తారు, మనకు దానితో పని లేదు. గువ్వలచెరువు ఘాటు ఎక్కి పాలకోవ తిని రావడానికైతే అసలు మౌంటెన్ బైకే అక్కరలేదు, అది తారు రోడ్డు. గుట్టల బాటలకు 120 మిల్లీమీటర్ల ఫోర్కు, 29 అంగుళాల చక్రాలు గల అల్యూమినియం హార్డ్‌టెయిల్ నా ఎంపిక. గండికోట బండల మెట్ల మీద తరచుగా దిగేవారు మాత్రమే 130 మిల్లీమీటర్ల దగ్గరి ట్రెయిల్ తరగతి పూర్తి సస్పెన్షన్ గురించి ఆలోచించవచ్చు, కాని వెనుక కీళ్ళలోని బేరింగులను ఏటా మార్చే ఖర్చును ధరలో కలుపుకొనే లెక్క వేయాలి.

తరగతి పేరు కంటే కోణాలు ఎక్కువ మాట్లాడతాయి. ఒకప్పుడు 71 డిగ్రీల దాకా నిటారుగా ఉండిన ముందు గొట్టం ఇప్పుడు ట్రెయిల్ సైకిళ్ళలో 65 డిగ్రీల దగ్గరికి వాలింది. దిగుడులో చక్రం మనిషికి మరింత ముందు ఉండి, బోర్లా పడే భయం తగ్గింది. సీటు గొట్టం మాత్రం 76 డిగ్రీల పైకి నిటారైంది, అందువల్ల ఎత్తు ఎక్కేటప్పుడు బరువు పెడళ్ళ మీదికి వస్తుంది. ఫ్రేము పొడుగై, హ్యాండిల్‌ను పట్టే స్టెమ్ 35 నుంచి 50 మిల్లీమీటర్లకు కురచై, హ్యాండిల్ 760 మిల్లీమీటర్లు దాటింది. పాత నమూనా మీద భారీ తగ్గింపు ఇస్తామన్నా సరే, ఈ అంకెలు చూడకుండా డబ్బు ఇవ్వకండి. టైరును తరువాత మార్చుకోవచ్చు, కోణాన్ని మార్చుకోలేరు.

లంకమల వైపు వెళ్ళాలనుకొనేవారు అటవీ శాఖ అనుమతి తీసుకోవాలి. అది కలివికోడి కోసం కాపాడుతున్న అభయారణ్యం, పైగా ఎర్రచందనం నేల. సైకిలు మీద వచ్చినా అనుమతి లేని మనిషిని అనుమానంగానే చూస్తారు.

ఫ్రేము ఎంచుకొనే చివరి ఘడియలో వెనుక గేరును పట్టి ఉంచే హ్యాంగరు ముక్కను చూడండి. బండకు తగిలితే ఫ్రేమును కాపాడటానికి తాను వంగిపోయే ముక్క అది. ఒక్కొక్క కంపెనీకి ఒక్కొక్క ఆకారం ఉండిన చోట 2019లో సైకిలు విడిభాగాలు చేసే స్రామ్ సంస్థ యూడీహెచ్ అనే ఉమ్మడి రకాన్ని తెచ్చింది, చాలామంది తయారీదారులు దానినే స్వీకరించారు. ఆ రకం ఫ్రేము తీసుకొంటే విడి ముక్క బెంగళూరు నుంచి కొరియరులో రావడానికి పేరు ఒక్కటి చెబితే సరిపోతుంది. కొన్న రోజునే ఒకటి అదనంగా తీసుకొని, ఇత్తడి అడాప్టరుతో, పక్కగోడ కోతకు దూర్చే రబ్బరు ప్లగ్గులతో కలిపి సీటు కింది సంచిలో వేసుకోండి.