బొమ్మల పుస్తకం తీయగానే పిల్లలు లేచిపోతున్నారా?

పుస్తకం తెరిస్తే చాలు, మావాడు ఒళ్లోంచి జారిపోతాడని చాలామంది అంటుంటారు. వాడికి చదువు మీద ధ్యాస లేదని ఒక తీర్పు కూడా ఇచ్చేస్తారు, రెండేళ్లకే! నేను మాత్రం ముందు పుస్తకాన్నే అనుమానిస్తాను.

వాక్యం సగంలో ఉండగానే పేజీ తిప్పేస్తారు

పేజీ నిండా అక్షరాలుంటే జరిగేది ఇదే. మీరు మొదటి వాక్యం పూర్తిచేసే లోపే బొమ్మ చూడడం వాళ్లకు అయిపోతుంది, ఇక ఆగడం దేనికి? కాబట్టి ఎంచుకునేటప్పుడే రెండు మూడు పేజీలు పైకి చదివి చూడండి. రెండేళ్ల పిల్లలకు పేజీకి ఒకటి రెండు చిన్న వాక్యాలు చాలు.

అక్షరాలు తక్కువే ఉన్నా విసుగు పుట్టించే పుస్తకాలున్నాయి. 'బాబు మంచం పక్కన నిలబడ్డాడు' అని రాసి, అదే బొమ్మ వేస్తారు. ఇక పిల్లలు వెతుక్కోడానికి ఏం మిగిలింది? అదే బొమ్మకు 'నా చెప్పు ఏదీ?' అని రాసి, మంచం కింద నుంచి ఒక కుక్క తోక బయటికి కనబడేలా వేశారనుకోండి. తోక సంగతి మాటల్లో ఎక్కడా ఉండదు. మీరు చదువుతుండగానే చిన్న వేలు వెళ్లి ఆ తోక మీద వాలుతుంది, 'అదిగో!' అని కేక. మాట చెప్పనిది బొమ్మ చెప్పే పుస్తకం దొరికితే వదలకండి.

ఇప్పటికే కొనేసిన పుస్తకమైతే బొమ్మ చూపిస్తూ మీ మాటల్లో చెప్పేయండి. సగంలో మూసేసినా నష్టం లేదు. చాలా బొమ్మల పుస్తకాలకు 32 పేజీలుండడం అచ్చు కాగితం మడతల లెక్క, పిల్లల ఓపిక లెక్క కాదు.

నములుతారు, చింపుతారు

ఏడాదిలోపు వాళ్లు దేన్నయినా నోటితోనే పరీక్షిస్తారు. పల్చటి కాగితం పట్టుకుని తిప్పే నేర్పు వేళ్లకు ఇంకా రాదు. గుండ్రటి మూలలున్న మందపాటి అట్ట పుస్తకాలో, గుడ్డ పుస్తకాలో ఇవ్వండి. పుట్టిన కొత్తల్లో 20 నుంచి 30 సెంటీమీటర్ల దూరంలో ఉన్నవే కాస్త స్పష్టంగా కనిపిస్తాయి. అందుకని పేజీకి ఒకే బొమ్మ, నలుపు తెలుపుల్లా కొట్టొచ్చినట్టు తేడా తెలిసే రంగులు ఉన్నవి మేలు.

మీటలు నొక్కుతారు, కథ వినరు

నొక్కితే చప్పుడు చేసేది బొమ్మే గానీ పుస్తకం కాదు. దాన్ని ఆటబొమ్మల్లో పెట్టేయండి. బ్యాటరీ మూతకు స్క్రూ ఉందో లేదో మాత్రం తప్పక చూడండి, బటన్ బ్యాటరీ మింగితే ప్రాణం మీదికొస్తుంది. చదవడానికైతే, తలుపు బొమ్మ ఎత్తితే వెనకెవరున్నారో తెలిసే లాంటివి నయం. అక్కడ వేలు చేసే పని కూడా కథలో భాగమే.

ప్రశ్న అడిగితే మొహం తిప్పుకుంటారు

'ఇదేంటి? ఇదేం రంగు?' అని వరసగా అడిగితే ఎవరికైనా పరీక్ష హాల్లో కూర్చున్నట్టే ఉంటుంది. 1988లో అమెరికా మనస్తత్వవేత్త వైట్‌హర్స్ట్, ఆయన సహచరులు ఒక ప్రయోగం ప్రచురించారు. రెండేళ్లకు అటూ ఇటూగా ఉన్న పిల్లల తల్లిదండ్రులకు, అవును కాదులతో తేలిపోని ప్రశ్నలు వేయడం, పిల్లలు అన్న మాటను కాస్త పొడిగించి చెప్పడం నేర్పారు. మామూలుగా చదివిన ఇళ్లలోని పిల్లల కంటే వీళ్లు ఒక్క నెలలోనే మాటల్లో ముందున్నారు. 'కుక్క' అంటే 'అవును, వానలో తడిసిన కుక్క. ఇప్పుడేం చేస్తుందో?' అనడమే ఆ కిటుకు. దీనికి పేర్లు రాసిన బొమ్మల పట్టిక పనికిరాదు. ఏదో ఒకటి జరుగుతున్న బొమ్మ కావాలి.

మీరు చదువుతుంటే మీకే నాలుక తిరగదు

'మార్జాలము క్షీరమును త్రాగెను' అని ఇంట్లో ఎవరంటారు? 'పిల్లి పాలు తాగేసింది' అని మార్చి చదవండి. కొనేటప్పుడే ప్రతి పేజీలోనూ ఇలా మార్చుకోవాల్సి వస్తుందనిపిస్తే ఆ పుస్తకం వద్దు.

రోజూ అదే పుస్తకం

ఇది సమస్యే కాదు, మీ ఓపికకు తప్ప. మళ్లీ మళ్లీ వింటేనే మాటలు పడతాయి. వాక్యంలో చివరి మాట దగ్గర ఆగి చూడండి, వాళ్లే పూరిస్తారు. అందుకే కొనేముందు నేను వేసుకునే ప్రశ్న ఒకటే: దీన్ని ముప్ఫైసార్లు చదవగలనా? ఇంకో మాట, పిల్లలు పడుకున్నాక అక్షరం మార్చి చదివితే పట్టుకోలేరనుకోకండి. కళ్లు మూసుకునే 'అలా కాదు' అంటారు.