విశాఖలో ఒక్క రోజే ఉంటే

వైజాగ్‌లో మీకు ఒక్క రోజే ఉంటే, అది సోమవారం కాకుండా చూసుకోండి. ఆర్కే బీచ్‌లోని కుర్సురా జలాంతర్గామి మ్యూజియానికి ఆ రోజు సెలవు. 2001 దాకా నేవీలో పనిచేసిన అసలు సబ్‌మెరైన్ అది. లోపల గుండ్రటి ద్వారాల్లోంచి తల వంచుకుని దూరాలి, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకి కష్టం. ఎదురుగా రోడ్డు దాటితే ఒకప్పుడు నేవీ వాడిన టీయూ-142 నిఘా విమానం, అదీ చూడదగ్గదే.

సాయంత్రం ఇసుక మీద బండి దగ్గర ముంత మసాలా తినండి: మరమరాల్లో ఉల్లి, టమాటా ముక్కలు, పైన నిమ్మరసం. కలిపిన వెంటనే తినేయాలి, మెత్తబడితే రుచి పోతుంది.

పిల్లల్ని మాత్రం నీళ్లలో లోపలికి పోనివ్వకండి, ఇక్కడ అలలు లాగేస్తాయి. టైముంటే బీచ్ రోడ్డు మీదుగా భీమిలి వెళ్లండి. కారైతే దారిలో తొట్లకొండ ఎక్కండి, బౌద్ధారామం శిథిలాల మధ్య నుంచి సముద్రం బాగా కనిపిస్తుంది.