బిష్కెక్ వస్తున్నారా? ముందు బూట్ల సంగతి చూడండి

మొన్న కాలేజీ గేటు దగ్గరే ఒక జూనియర్ తమ్ముడు జారిపడి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. కాళ్లకు హైదరాబాద్‌లో కొన్న రన్నింగ్ షూ, అడుగు అరిగి నున్నగా ఉంది. డాక్టర్ అవుదామని వచ్చి మొదటి చలికాలంలోనే పేషెంటయ్యాడు. అందుకే ఇది రాస్తున్నా. అడ్మిషన్, వీసా, ఫీజుల గురించి మీకు చెప్పేవాళ్లు చాలామంది ఉంటారు, నేను చెప్పను.

బిష్కెక్ రాజధానిగా ఉన్న కిర్గిజ్‌స్తాన్‌కు సముద్రం లేదు. చుట్టూ కజకిస్తాన్, ఉజ్బెకిస్తాన్, తజికిస్తాన్, చైనా. నూటికి 90 పాళ్లు కొండలే. చైనా సరిహద్దులో ఉన్న జెంగిష్ చొకుసు శిఖరం ఎత్తు 7,439 మీటర్లు. ఇది విని ఇంట్లోవాళ్లు పిల్లాడికి ఊపిరి ఆడుతుందా అని టెన్షన్ పడతారు. బిష్కెక్ ఉన్నది దాదాపు 800 మీటర్ల ఎత్తులో. బెంగళూరు కంటే తక్కువే అని చెప్పండి. ఊపిరికి ఇబ్బందంటే చలికాలంలో బొగ్గు పొగ కమ్మే రోజుల్లోనే. ఒక మంచి మాస్కు ఉంచుకోండి.

టైమ్ మనకంటే అరగంట ముందు. డబ్బు సోమ్. మన మూడు పిన్నుల ప్లగ్గు ఇక్కడి గోడలో దూరదు, అడాప్టర్ తెచ్చుకోండి. రష్యన్‌లో అంకెలైనా నేర్చుకుని రండి, మార్ష్రుత్కా (ఇక్కడి మినీబస్సు) ఎక్కినా బజారుకెళ్లినా అవే కావాలి. అంబులెన్స్‌కు 103. ఊళ్లో దారి తప్పితే కొండలు ఎటున్నాయో చూడండి, అటు దక్షిణం.

ఇక బూట్లు. మంచు పడుతున్న రోజు భయం లేదు, ఫొటోలు తీసుకోండి. భయమంతా ఆ తర్వాతే. పగలు ఎండకు కరిగిన నీళ్లు రాత్రికి గడ్డకట్టి, పొద్దున్నే ఫుట్‌పాత్ మీద కంటికి ఆనని పొరలా ఉంటాయి. మీరేమో ఎనిమిదింటి క్లాసుకు పరుగు! షాపుల ముందు నున్నటి రాతి మెట్లు ఇంకా ప్రమాదం. దీనికి తోడు రోడ్ల పక్కన అరిక్‌లు ఉంటాయి. చెట్లకు నీళ్లు పారించే కాలువలవి, చాలాచోట్ల మూత ఉండదు. మంచు కప్పేస్తే కాలువ ఎక్కడో, నేల ఎక్కడో తెలియదు. నా మొదటి చలికాలమంతా తల దించుకుని కాళ్లకేసి చూస్తూనే నడిచాను.

బూట్లు ఇండియాలో కొనకండి, ఎన్నిసార్లు చెప్పినా వినరు! ఇక్కడ దోర్దోయ్ బజారుకు వెళ్లండి. అడుగు మెత్తటి రబ్బరుతో, లోతైన గాళ్లతో ఉండాలి. ఉన్ని సాక్సు పట్టేలా ఒక సైజు పెద్దది తీసుకోండి. బేరం ఆడండి. నడిచేటప్పుడు చేతులు జేబుల్లో పెట్టుకోకండి, అడుగులు చిన్నగా వేయండి. ఫోన్ చూస్తూ నడిచేవాళ్లకు నేను చెప్పేదేమీ లేదు.

చలికాలంలో దక్షిణాన ఉన్న ఓష్ నగరానికి వెళ్లాలంటే విమానమే ఎక్కండి. రోడ్డు 3 వేల మీటర్లు దాటిన కనుమల మీదుగా పోతుంది. హిమపాతాలతో మూసేస్తుంటారు కూడా. నాలుగు డబ్బులు మిగులుతాయని టాక్సీ మాట్లాడుకునేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

సరే, మరీ భయపెట్టాను. గదుల్లో హీటర్లు బాగానే పనిచేస్తాయి, స్వెటర్ విప్పేయాల్సినంత వేడి. మార్చి వస్తే ఐసు పోతుంది. వేసవిలో ఇస్సిక్-కుల్ సరస్సుకు వెళ్తే ఈ తిప్పలేవీ గుర్తుండవు. పడినా దారినపోయే ముసలమ్మ ఎవరో ఒకరు చెయ్యిచ్చి లేపుతారు, రష్యన్‌లో నాలుగు చీవాట్లు పెడతారు, అంతే. బియ్యం, కూరగాయలు ఇక్కడి బజార్లో దొరుకుతాయి. చింతపండు, కారం మాత్రం ఇంటి నుంచి తెచ్చుకోండి, నాకూ కాస్త ఇవ్వండి.