ఎండాకాలంలో పాత ఈస్టుతో బీరు కాచేవాళ్లకు జాగ్రత్తలు

డాలస్, హ్యూస్టన్ వైపు ఇంట్లో బీరు కాచుకునే మనవాళ్లు ఎండలు ముదరకముందే ఫ్రిజ్‌లో దాచిన ఈస్టు సీసాలు ఒకసారి బయటికి తీసి చూసుకోండి. (ఇండియాలో ఉన్నవాళ్లు చదివి ఊరుకోండి, లైసెన్సు లేకుండా అక్కడ కాస్తే ఎక్సైజ్ కేసే.)

పోయినసారి కాచిన బీరు అడుగున మిగిలిన ఈస్టు మడ్డిని మళ్లీ వాడితే ప్యాకెట్ ఖర్చు తప్పుతుంది, పులియడం కూడా త్వరగా మొదలవుతుంది. కానీ ఇదీ పెరుగు తోడు లాంటిదే. అందులో లాక్టోబాసిల్లస్ అనే పులుపు బ్యాక్టీరియానో, అడవి ఈస్టో చేరి ఉంటే అదీ కొత్త బీరులోకి వస్తుంది, వేడికి ఇంకా జోరుగా పెరుగుతుంది. 1553లో బవేరియాలో ఏప్రిల్ 23 నుంచి సెప్టెంబర్ 29 దాకా బీరు కాయడమే నిషేధించారంటే ఊరికే కాదు.

అందుకే ముందు పరీక్షించాల్సింది ఆ పాత బీరునే. సీసాల్లో నింపే రోజున ఒక గుక్క తాగండి. పులుపు తగిలినా, వెనిగర్ వాసనో ఆసుపత్రి వాసనో వచ్చినా, పైన తెల్లటి పొర కట్టినా మడ్డి మొత్తం పారబోయండి. కడిగి వాడుకుందామని ఆశపడొద్దు. కాచి చల్లార్చిన నీళ్లతో కడిగితే హాప్స్ (బీరుకు చేదిచ్చే పూలు) తుక్కు పోతుందేమో గానీ బ్యాక్టీరియా పోదు. పైగా ఈస్టుకు కాపలా కాసే ఆల్కహాలు పలచబడుతుంది. నన్నడిగితే అసలు కడగొద్దు, అదే బీరు కింద ఉంచి దాచండి.

పులియకముందు గ్రావిటీ (నీళ్లను 1.000 అనుకుంటే రసం ఎంత చిక్కనో చెప్పే అంకె) 1.070 దాటిన ఘాటు బీరులో పనిచేసిన ఈస్టు నీరసించి ఉంటుంది, దాన్ని దాచొద్దు. నల్లటి స్టౌట్ బీరు మడ్డిని లేతరంగు బీరులో, చేదెక్కువుండే ఐపీఏ బీరు మడ్డిని వీట్ (గోధుమ) బీరులో వేయొద్దు. ఒకే ఈస్టును మళ్లీ మళ్లీ వాడుతూ ఐదు తరాలు దాటితే కొత్త ప్యాకెట్ కొనండి.

సీసా, మూత, గరిటె అన్నిటినీ స్టార్‌శాన్ (క్రిములను చంపే మందు) కలిపిన నీళ్లలో ఒకటి రెండు నిమిషాలు తడపండి. 19 లీటర్ల నీళ్లకు 30 మి.లీ. చాలు, నురగ మిగిలినా పర్లేదు. సీసా ముప్పావు వంతే నింపండి. మూత మాత్రం గట్టిగా బిగించొద్దు. చలిలోనూ గ్యాస్ పుడుతుంది, గాజు పగిలితే ఫ్రిజ్ తలుపు తీసినవాళ్ల కళ్లకే ప్రమాదం. మీద తేదీ, ఈస్టు పేరు, ఎన్నో తరమో రాయండి.

రెండు వారాల్లోపు వాడేయడం మేలు. నెల దాటితే ముందు స్టార్టర్ (కాస్త రసంలో ఈస్టు వేసి పులియబెట్టడం) చేసి, బతికుందో లేదో చూడాలి. వాడే రోజు సీసాను వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే పైన తేట బీరు, దాని కింద మీగడ రంగు పొర, అట్టడుగున గోధుమ రంగు తుక్కు కనిపిస్తాయి. మీకు కావాల్సింది మీగడ పొర. బ్రెడ్డు వాసన వస్తే మంచిదే. కాలిన రబ్బరు వాసన వస్తే చచ్చిన ఈస్టని లెక్క. 1.048 గ్రావిటీ ఉన్న 19 లీటర్ల ఏల్ రకం బీరుకు చిక్కటి మడ్డి 150–200 మి.లీ. సరిపోతుంది. ఉన్నదంతా గుమ్మరిస్తే పులియడం ఎగదన్ని, దాని వేడి దానికే ఎక్కుతుంది. అసలే టెక్సాస్ గరాజ్! 18–20 డిగ్రీల సెల్సియస్‌లో ఉంచగలిగితేనే కాయండి.

చివరగా హైడ్రోమీటర్, అంటే గ్రావిటీ కొలిచే పరికరం. ఎప్పుడూ 1.010 దగ్గర ఆగే ఈస్టు అదే రకం బీరులో 1.004కి దిగిందంటే లోపల వేరేదేదో చేరినట్టే. సీసాల్లో నింపకండి. ఇప్పటికే నింపేసి ఉంటే అన్నీ ఫ్రిజ్‌లో బాగా చల్లబరిచి, కళ్లద్దాలు, మందపాటి గ్లౌజులు తొడుక్కుని ఒక్కొక్కటే మూత తీసి గ్యాస్ వదలండి.